కారం పట్టిన తువ్వాలు

ఫొటోలు తీసి బతికినవాణ్ణి. అయినా ఎవరైనా ఒక ఫొటో నా ముందు పెట్టి "కళ్ళెదుట కనబడుతోంది కదండీ, ఇంకేం కావాలి" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏ వెలుగులో తీశావు, ఎవరు కూర్చుని రంగు సరిచేశారు, సరిచేసేటప్పుడు దేని మీద నొక్కారు అని అడగకుండా ఉండలేను. మా ఇంట్లో దీన్ని అనుమానపు జబ్బు అంటారు. అననివ్వండి. ఈ జబ్బు లేనివాడు సరుకు ఫొటోల జోలికి రాకపోవడమే మంచిది.

సరుకు ఫొటోలు అంటే పెళ్ళి ఫొటోలు కాదు. మిరపకాయ, పత్తి, పొగాకు. కోల్డ్ స్టోరేజీల వాళ్ళకి, విత్తనాల కంపెనీలకి, పంట నష్టం లెక్కగట్టడానికి వచ్చే సర్వేయర్లకి తీసేవి. గుంటూరులో స్టూడియో పెట్టుకుని ఆ పనే ఎక్కువ చేశాను. పెళ్ళి ఫొటోలో పెళ్ళికూతురు కాస్త ఎర్రగా వస్తే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. మిరపకాయ కాస్త ఎర్రగా వస్తే మాత్రం ఎవడో ఒకడు మోసపోతాడు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు కెమెరా ఏది కొనాలని నన్ను అడుగుతుంటారు. అది నాకు తెలియదు. ఏది నమ్మకూడదో మాత్రం కొంత తెలుసు.

సాంబశివరావు గారి వాకిలి

నాకు పని నేర్పిన సాంబశివరావు గారు నోటి దురుసు మనిషి. బాగా చేసినవాణ్ణి మెచ్చుకుంటే చెడిపోతాడని ఆయన గట్టి నమ్మకం. ఆ విషయంలో ఆయనది తప్పేనని ఇప్పటికీ అంటాను. ఆయన తిట్లకి భయపడి మంచి పనివాళ్ళు ఇద్దరు ముగ్గురు వేరే స్టూడియోలకి వెళ్ళిపోయారు.

కానీ ఆయనకి ఒక అలవాటు ఉండేది. ప్రింటు ఏదైనా సరే, లోపల ట్యూబులైటు కింద చూసి ఊరుకునేవాడు కాదు, వాకిట్లోకి పట్టుకుపోయేవాడు. "ఏరా, లోపల చూసి బాగుందంటే ఎట్లా? లైటు ఏ రంగో నీకేమన్నా చెప్పిందా?" అనేవాడు. కాసేపటికి చెట్టు నీడలోకి జరిగి మళ్ళీ చూసేవాడు. నీడలో తెల్ల కాగితం కాస్త నీలంగా ఉంటుందని, బల్బు కింద పసుపు పచ్చగా ఉంటుందని, మన కన్ను మాత్రం రెండుచోట్లా తెలుపే అని సర్దిచెబుతుందని నాకు మొదట చూపించింది ఆయనే. మన కంటికి మొహమాటం ఎక్కువ. కెమెరాకి అది లేదు, ఎంత వెలుగు పడితే అంతే రాసుకుంటుంది.

డిజిటల్ వచ్చాక కూడా ఆయన మారలేదు. నా కంప్యూటరు తెర చూసి ఆయన వేసిన మొదటి ప్రశ్న, "ఈ తెర రంగు సరిగ్గా ఉందని నీకు ఎవరు చెప్పారు?" అని. అప్పటికి ఎవరూ చెప్పలేదు. అంతవరకు నాకు ఆ ప్రశ్నే తట్టలేదు.

రా ఫైలులో ఏముంటుంది

వైట్ బ్యాలెన్స్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కెమెరా లోపలి చుక్కలు కొన్ని ఎరుపు వెలుగునీ, కొన్ని ఆకుపచ్చనీ, కొన్ని నీలాన్నీ కొలుస్తాయి. నీడలో నీలం ఎక్కువ పడుతుంది, బల్బు కింద ఎరుపు ఎక్కువ పడుతుంది. ఏ రంగు ఛాయా లేని బూడిద అట్ట, గ్రే కార్డు అంటారు, ఒకటి ఆ వెలుగులో పెడితే మూడు కొలతలూ సమానంగా రావాలి కదా, రావు. వచ్చేదాకా ఎరుపునీ నీలాన్నీ తగినంత పెంచడమో తగ్గించడమో చేస్తాం. అంతే సంగతి.

మామూలు జేపెగ్‌లో ఆ సర్దుబాటు కెమెరాయే చేసేసి, మిగిలింది పారేసి, ఫొటో మన చేతికిస్తుంది. తాలింపు వేసేసిన పప్పు అన్నమాట, అందులోంచి ఇంగువ వెనక్కి తీయలేం. రా ఫైలు అంటే పచ్చి ఫైలు, అందులో కొలతలు అలాగే ఉంటాయి. వెలుగు ఇలా ఉందని నేననుకుంటున్నాను అని కెమెరా ఒక మాట మాత్రం పక్కన రాసిపెడుతుంది. ఆ మాట మనం వినొచ్చు, వినకపోవచ్చు. ఎన్నిసార్లు మార్చినా లోపలి కొలతలు చెక్కుచెదరవు.

ఇది విని కుర్రాళ్ళు ఏమంటారంటే, "రా తీశాం కదండీ, తర్వాత చూసుకోవచ్చు" అంటారు. అక్కడే నాకు మండేది. తర్వాత దేన్ని చూసి సరిచేస్తావు? ఆ రోజు వెలుగు ఎలా ఉందో ఫైలుకి తెలియదు. నీకు గుర్తుందంటావు, నీ జ్ఞాపకాన్ని నేను నమ్మను. ఫొటోలో నిజంగా ఏ రంగూ లేని వస్తువు ఒకటి ఉంటే కంప్యూటర్లో డ్రాపర్ అనే గుర్తు దాని మీద పెట్టి, ఇదే తెలుపు అన్నట్టు నొక్కు, ఫొటో సరిపడుతుంది. లేకపోతే నీ ఇష్టానికి నువ్వు తిప్పుకుంటున్నట్టే.

పత్తి, నీలి పరదా

ఒక విత్తనాల కంపెనీకి ప్రత్తిపాడు దగ్గర చేలో పత్తి ఫొటోలు తీశాను. వాళ్ళ తరఫున వచ్చిన పెద్దమనిషి నా పక్కనే కూర్చుని, "ఇంత పత్తి ఉండగా మీ అట్టముక్క ఎందుకండీ, దీనికన్నా తెల్లనిది ఏముంది" అని విచ్చిన కాయ మీద నొక్కించాడు. పత్తిలో కాస్త వెన్నరంగు ఉంటుంది. దాన్ని తెలుపు అని ఒప్పుకోగానే ఫొటో అంతా నీలానికి తిరిగింది, చేలో నిలబడ్డ రైతు మొహం జ్వరం వచ్చినట్టు పాలిపోయింది. పెద్దమనిషి మొహం చూడలేదు, పత్తి చూసి మురిసిపోయాడు. ఆ ఫొటోయే కరపత్రాల మీద వేశారు. ఆ రైతు తర్వాత నన్ను బజార్లో పట్టుకుని, "నాకేమైనా రోగం ఉందా అని మా వాళ్ళంతా అడుగుతున్నారండీ" అన్నాడు.

దర్శి వైపు మరో సంగతి. వాన కురుస్తుంటే కళ్ళంలో ఆరబోసిన కాయ మీద నీలం పరదా కప్పారు. సర్వేయరు పరదా ఎత్తించకుండా, దాని కిందకి దూరి ఫొటోలు తీశాడు. రా ఫైళ్ళే. వాటిలో కాయంతా నల్లగా, కుళ్ళినట్టు ఉంది. సరిచేసి పెట్టమని నా దగ్గరికి తెచ్చారు. ఎంత తిప్పినా ఎరుపు రాలేదు, ఇసుక చల్లినట్టు ఎర్రటి చుక్కలు మాత్రం వచ్చాయి. నీలం పరదా ఎరుపు వెలుగుని కిందకి రానివ్వలేదు, రానిదాన్ని కెమెరా ఎక్కడ కొలుస్తుంది? లేనిదాన్ని ఎంత పెంచితే ఏం లాభం? మళ్ళీ వెళ్ళి ఆరుబయట తీయించండని పంపేశాను. రా తీశాం కాబట్టి అన్నీ దొరుకుతాయనేవాళ్ళకి ఇప్పటికీ ఈ సంగతే చెబుతాను.

కోటేశ్వరమ్మ కాయ

ఇక అసలు సంగతి. నేను స్టూడియో మూసే ముందు ఏడాది జరిగింది.

కోటేశ్వరమ్మ కౌలుకి చేసే మనిషి, భర్త పోయాక తనే సేద్యం చూసుకుంటోంది. కాయ కోయించి, ఎండబెట్టి, ధర వచ్చేదాకా ఉంచుదామని ఒక కోల్డ్ స్టోరేజీలో పెట్టింది. వానాకాలం వెళ్ళాక అమ్మడానికి బస్తాలు బయటికి తీస్తే కాయ రంగు పోయి ఉంది. రంగు పోయి తెల్లబడ్డ కాయని మా వైపు తాలు అంటారు. లోపల గది చల్లదనం చెడిపోయి నా కాయ పాడైందని ఆవిడ అంది. స్టోరేజీ మేనేజరు ప్రసాదు మిర్చి యార్డుకి వచ్చి, పాత ఫొటో ఒకటి కమీషన్ వ్యాపారి బల్ల మీద పెట్టాడు. సరుకు లోపలికి పోయే రోజు తీసింది. అందులో కాయ అప్పటికే వెలిసిపోయి, మట్టి రంగులో ఉంది.

"తెచ్చినప్పుడే తాలు. కావాలంటే చూసుకోండి" అన్నాడట, అక్కడే నిలబడి, ఆయన ముందే.

ఆ మాట యార్డంతా పాకింది. ఈవిడ మంచి కాయలో తాలు కలుపుతుందని పేరు పడితే వచ్చే ఏడు ఆవిడ బస్తాలు అడుగుదాకా కుమ్మరించి చూస్తారు, అదొక్కటే కాదు. పొలం ఆసామి కూడా ఆ మాట విన్నాడు, కౌలు ఇంకొకరికి ఇద్దామా అని ఆలోచిస్తున్నాడు. పొలం పోతే ఆవిడకి వేరే ఆధారం లేదు.

ఆవిడ నేరుగా నా స్టూడియోకి వచ్చింది. ఎందుకంటే ఆ ఫొటో తీసిన బాజీ నా దగ్గర పని నేర్చుకున్నవాడు. ఆ కోల్డ్ స్టోరేజీలో వచ్చే ప్రతి సరుకునీ ఫొటో తీసే పని అతనిది.

"మీ మనిషి తీశాడంట కదండీ. నా కాయని అట్టా ఎందుకు తీశాడో మీరే అడగండి" అంది, కూర్చోకుండానే.

నిజం చెప్పాలంటే నాకు ముగ్గురి మీదా అనుమానం వచ్చింది. ప్రసాదు ఫొటోని కెలికి ఉంటాడని మొదటి అనుమానం. బాజీ యజమాని వైపు మొగ్గాడేమోనని రెండోది, అది తలుచుకుంటేనే నాకు మనసు చివుక్కుమంది. ఈవిడ నిజంగానే తాలు పెట్టి వచ్చిందేమోనని మూడోది. మంచి కాయే పెట్టానని ఆవిడ ఒట్టు వేసింది. ఒట్లు వినీ వినీ నాకు విసుగు పుట్టింది. రా ఫైలు తీసుకుని రమ్మని బాజీకి ఫోన్ చేశాను.

బాజీ మారు మాట్లాడకుండా తెచ్చాడు. ఫైలు తెరిచి చూశాం. స్టోరేజీ చావిడి నీడలో సిమెంటు నేల మీద తువ్వాలు పరిచి ఉంది, దాని మీద కాయ పోసి ఉంది. మా వైపు రైతులు కాయ చూపించేటప్పుడు తల గుడ్డో భుజం మీద తువ్వాలో తీసి నేల మీద పరిచి, బస్తాలోంచి దోసెడు కాయ దాని మీద పోస్తారు. వట్టి నేల మీద పోయడం సరుకుని అవమానించినట్టు లెక్క.

"వైట్ బ్యాలెన్స్ దేని మీద నొక్కావురా?" అన్నాను.

"తువ్వాలు మీదన్నా. ఎప్పుడూ దాని మీదే నొక్కుతా. అందరూ తెల్ల తువ్వాలే పరుస్తారుగా."

"తెల్ల తువ్వాలని ఎవడు చెప్పాడు?"

"చూస్తే తెలియట్లేదా అన్నా?"

నేను కోటేశ్వరమ్మ వైపు తిరిగాను. "ఆ తువ్వాలు అప్పటికి ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నావమ్మా?"

"కాయ కోత మొదలైన కాడ్నించీ అదే తలకి చుట్టుకున్నానండి. కళ్ళంలో ముక్కుకి కట్టుకున్నా అదే, చెమట తుడుచుకున్నా అదే."

నాకు ఒక్కసారి వెలిగింది. మిరప కళ్ళంలో కొన్నాళ్ళు వాడిన గుడ్డ తెలుపు ఎలా ఉంటుంది? కారం దుమ్ము ఇంకి గులాబీ రంగుకి తిరుగుతుంది. మా గుంటూరు వాళ్ళం అందరం దాన్ని తెల్ల తువ్వాలనే అంటాం, చూసి చూసి కన్ను అలవాటుపడిపోయింది. బాజీ ఆ గులాబీని తెలుపు అని చెప్పగానే, తువ్వాల్లో ఎరుపు ఎంత ఎక్కువ ఉందో అంతా ఫొటో మొత్తంలోంచి తగ్గిపోయింది. కాయలో ఎరుపు కూడా దాంతోపాటే పోయింది. ఎవరూ ఏమీ కెలకలేదు, ఎవరూ లంచం తినలేదు. మిగతా రైతుల ఫొటోలు కూడా ఇలాగే ఉండి ఉంటాయి, వాళ్ళ కాయ చెడలేదు కాబట్టి ఎవరూ తెరిచి చూడలేదు. వేరే ఊళ్ళో ఈ తప్పు ఎవరూ చేయరు, ఎందుకంటే వేరే ఊళ్ళో తువ్వాళ్ళు కారం తాగవు.

బాజీ తల పట్టుకున్నాడు. నేను మనసులోనే అతనికి క్షమాపణ చెప్పుకున్నాను, పైకి మాత్రం తిట్టాను. గ్రే కార్డు కొనిచ్చి పంపితే అది బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నావా అని.

ఉతికి తెచ్చిన సాక్ష్యం

మర్నాడు కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాం. కమీషన్ వ్యాపారిని కూడా రమ్మన్నాను, ఆ మాట ఆయన ముందే పుట్టింది కాబట్టి. తువ్వాలు తెమ్మని కోటేశ్వరమ్మకి చెప్పాను. ఆవిడ సంచిలోంచి మడత పెట్టిన తువ్వాలు తీసింది. మల్లెపూవులా మెరిసిపోతోంది.

"ఇదేంటమ్మా?"

"పెద్దమనుషుల ముందు పెట్టేది కదండీ. మురిగ్గా ఉంటే బాగోదని సోడా వేసి ఉడకబెట్టి, నీలిమందు పెట్టి ఉతికా."

ప్రసాదు ఆ తువ్వాలు అందుకుని అందరికీ చూపించాడు. "చూడండి సార్. తెల్లగా లేదా? బాజీ నొక్కింది కరెక్టే. మీరు కారం అంటారు, గులాబీ అంటారు. ఏది, చూపించండి."

కోటేశ్వరమ్మకి తను చేసింది అప్పుడు అర్థమైంది. "నేనే చెడగొట్టుకున్నానా?" అని మెల్లగా అంది.

ఫొటోలో ఇంకేముందో మళ్ళీ చూశాను. వెనక సున్నం వేసిన స్తంభం ఉంది. సున్నంలో కూడా మన వాళ్ళు నీలిమందు కలుపుతారు, దాన్ని నమ్మను. గోనె బస్తా పనికిరాదు. ఇక మిగిలింది సిమెంటు నేల, ఫొటో మూలన కాయకి దూరంగా కాస్త కనబడుతోంది. ఆ నేల ఇంకా అక్కడే ఉంది, దాన్ని ఎవరూ సోడా వేసి ఉతకలేదు.

బాజీ చేత అదే కెమెరాతో, అదే చోట, నేల మీద గ్రే కార్డు పెట్టించి రా ఫొటో తీయించాను. తెరిచి కార్డు మీద నొక్కాం. తర్వాత పక్కనున్న నేల కొలతలు చూశాం. మూడూ దాదాపు సమానంగా ఉన్నాయి. అంటే ఆ సిమెంటుకి చెప్పుకోదగ్గ రంగేమీ లేదు. ఆ రోజు వెలుగు వేరు, ఈ రోజు వెలుగు వేరు, కానీ నేల సొంత రంగు మారదు.

"ఆ రోజు నేల మీద కారం దుమ్ము ఉండి ఉంటే?" అన్నాడు ప్రసాదు. మంచి ప్రశ్నే. అనుమానించేవాణ్ణి చూస్తే నాకు గౌరవం.

"ఉంటే నేల కూడా ఎర్రబడి ఉంటుంది. దాని మీద నొక్కితే కాయలో ఎరుపు ఇంకా తగ్గుతుంది, పెరగదు. అది ఈవిడకే నష్టం, మీకు కాదు" అన్నాను.

కమీషన్ వ్యాపారి తల ఊపాడు. నేను పాత ఫొటో తెరిచి మౌసు పట్టుకున్నాను.

"ఆగండి సార్" అన్నాడు ప్రసాదు. "మీరు ఆవిడ పిలిస్తే వచ్చారు. మీ చేత్తో మీరు నొక్కితే మేం ఎలా నమ్మాలి?"

నా జీవితమంతా నేను ఇతరులని అడిగిన ప్రశ్న అది. కోపం రాలేదు. కుర్చీలోంచి లేచి, "అయితే మీరే కూర్చోండి. రా ఫైలు, మీరు ఎన్నిసార్లు నొక్కినా చెడదు. నేల మీద మీకు నచ్చిన చోట నొక్కండి" అన్నాను.

ప్రసాదు కూర్చున్నాడు. డ్రాపర్‌ని నేల మీదకి తెచ్చి కాసేపు అటూ ఇటూ తిప్పాడు. నొక్కాడు. తువ్వాలు గులాబీ రంగుకి తిరిగింది. దాని మీద కాయ ఎర్రగా, ముచ్చికతో సహా, కళ్ళంలోంచి అప్పుడే తెచ్చినట్టు వచ్చింది. అతను మళ్ళీ వేరేచోట నొక్కాడు. అదే ఎరుపు. ఇంకోచోట నొక్కాడు. ఏమీ మారలేదు. చివరికి మౌసు మీంచి చేయి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

కోటేశ్వరమ్మ తెర దగ్గరికి వచ్చింది. కాయని చూడలేదు, తువ్వాలునే చూసింది. "అదేనండి నా తువ్వాలు" అంది. తర్వాత ప్రసాదు వైపు తిరిగింది. "మరి తాలు కలిపానన్న మాటేం చేస్తారు బాబూ?"

"పొరపాటైందమ్మా. లోపల గదిలోనే చెడింది. మా ఓనరు గారితో మాట్లాడి సరుకు సంగతి చూస్తాం."

"సరుకు సంగతి సరే. మాట సంగతి అడుగుతున్నా. గదిలో చెబితే ఎవరికి వినపడుద్ది? ఆ రోజు యార్డులో నిలబడి అన్నారుగా. అక్కడే నిలబడి చెప్పండి. మా ఆసామి కూడా వింటాడు."

ప్రసాదు కమీషన్ వ్యాపారి వైపు చూశాడు. ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని, "పదవయ్యా, నేనూ వస్తా" అన్నాడు. ఆ సాయంత్రం వేలం దగ్గర, హమాలీలూ రైతులూ అందరూ ఉండగా, ప్రసాదు ఆ మాట చెప్పాడు. గొంతు పెద్దగా రాలేదు. కోటేశ్వరమ్మ "వినపడలా" అంది. మళ్ళీ చెప్పాడు.

ఇప్పుడు

కౌలు ఆవిడకే ఉంది. పోయిన సీజన్లో బాజీ ఫోన్ చేశాడు. ఇప్పుడు కోటేశ్వరమ్మ గ్రే కార్డు పెట్టందే తన కాయ దగ్గరికి కెమెరా రానివ్వడం లేదట. పక్క రైతులకి కూడా అదే చెబుతోందట, కార్డు లేకుండా తీయించుకోవద్దని. విని సంతోషమేసింది.

"బాగానే ఉంది కదరా, మరి ఎందుకు ఫోన్ చేశావు?" అన్నాను.

"ఏం లేదన్నా. కార్డు మీద దుమ్ము ఉందని, ఫొటో సరిగ్గా రావాలని, ఆవిడే తుడిచి ఇచ్చింది."

"దేంతో తుడిచింది?"

"తలకి చుట్టుకున్న తువ్వాలుతోనన్నా" అన్నాడు.